గట్టెక్కు: గోదావరి వరద మీద ఒక కార్డుల సెట్ తయారైన తీరు

అమలాపురంలో మేం ముగ్గురం కలిసి చేసే చిన్న పని ఇది. ఒకరు బొమ్మలు వేస్తారు, ఒకరు ప్రింటింగ్, ఖర్చుల లెక్కలు చూస్తారు. రూల్స్ రాయడం, ఆడించి చూడడం నా పని. ప్యాక్‌లలో దొరికే కార్డులతో ఎవరి డెక్ వాళ్లే కట్టుకుని ఆడే ఆటను ట్రేడింగ్ కార్డ్ గేమ్ అంటారు. మేం చేసిన అలాంటి ఫాంటసీ గేమ్ మొదటి సెట్‌లో అడవులు, కోటలు, రాకాసులు, మాంత్రికులు ఉన్నారు. ఆడినవాళ్లకు నచ్చింది కూడా. అయితే ఆ అడవి ఎక్కడిదో, ఆ కోట ఏ ఊరిదో మాకే తెలియదు. 2022 జూలైలో వరద వచ్చినప్పుడు ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఏటి పాయల మధ్య ఉండే లంకలు మునిగాయి. గంటగంటకూ ఫోన్‌లో నీటిమట్టం చూసుకుంటూ కూర్చున్న ఆ రోజుల్లోనే, తర్వాత వేసే విస్తరణ సెట్ గోదావరి మీదే ఉండాలని నిర్ణయించుకున్నాం. ఆ సెట్ ఎక్కడ తప్పింది, ఎలా దారిలో పడిందన్నదే ఈ కేస్ స్టడీ.

మూల ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒక్కొక్కరికి 40 కార్డుల డెక్, మొదట చేతిలో 7 కార్డులు. టర్న్‌కి ఒక నేల కార్డు దించుకోవచ్చు. నేల సత్తువ ఇస్తుంది, ఆ సత్తువ ఖర్చు పెట్టి పాత్రలను దించుతాం. ముందు వరుసలో ఉన్న పాత్ర దాడి చేస్తుంది, వెనక వరుసలో ఉన్నది కాపు కాస్తుంది. ఎదుటివారి 20 ప్రాణాలూ తీస్తే గెలుపు. కొత్త సెట్‌లో ముందు వరుసకు లంక అని, వెనక వరుసకు గట్టు అని పేరు పెట్టాం. ఇక్కడివరకు తేలిగ్గానే కుదిరింది.

మొదటి ప్రయత్నం

మొదటి డ్రాఫ్ట్‌లో వరద అంటే ఒకే ఒక్క రేర్ కార్డు, అంటే ప్యాక్‌లలో అరుదుగా దొరికే రకం. పేరు జలప్రళయం, ఖర్చు 6 సత్తువ, ఫలితం: ముందు వరుసలోని పాత్రలన్నీ పోతాయి. ఫాంటసీ కార్డ్ గేముల్లో ఇలాంటి ఊడ్చేసే కార్డు ఏదో ఒకటి ఉంటుంది కాబట్టి దీని మీద మేం పెద్దగా ఆలోచించలేదు.

ఆడించి చూస్తే రెండు జబ్బులు బయటపడ్డాయి. ఆ కార్డు ఎదుటివాళ్ల చేతిలో ఉందేమోనన్న టెన్షన్‌తో అందరూ పాత్రలను వెనక వరుసలోనే దాచుకున్నారు. దాడి చేసేవాళ్లు లేక ఆట సాగదీసిన జీళ్లపాకంలా అయింది. ఇక కార్డు నిజంగా పడ్డప్పుడు, ఓడినవాళ్లకు తమ తప్పేమిటో అర్థం కాలేదు. అరగంట కష్టపడి నిలబెట్టుకున్నది ఒక్క క్షణంలో పోయింది, చేయగలిగింది ఏమీ లేదు. అలా ఓడిన పిల్లాడు రెండో ఆటకు కూర్చోలేదు. ఓడిపోవడం ఎవరికైనా బాధే. కానీ ఎందుకు ఓడామో తెలిస్తే ఇంకో ఆట ఆడాలనిపిస్తుంది, తెలియకపోతే లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది. రూల్స్ రాసేవాడిగా నేను పట్టించుకోవాల్సింది ఈ తేడానే.

రెండో డ్రాఫ్ట్‌లో ఆటగాడికొక నీటిమట్టం పెట్టాం. ఎదుటివారి మట్టం పెంచి వాళ్లను ముంచాలి. ఇదీ తప్పింది, ఎందుకంటే ఏరు ఆయుధం అయిపోయింది. మంటలు, పిడుగులు విసిరినట్టే నీళ్లు విసురుతున్నారు. పేరు మార్చి నిప్పు అని రాసినా ఆటలో ఏ మార్పూ ఉండదు.

మామ్మగారి మాట

మా బొమ్మల ఆయన మామ్మగారిది గోదావరి పాయ వసిష్ఠ ఒడ్డున ఒక లంక. 1986 ఆగస్టు వరద చూసిన మనిషి. ఒక ఆదివారం ఆవిడ ఇంట్లోనే చాప పరిచి ఆడుకుంటున్నాం. కార్డులో ఏం రాశామని అడిగితే జలప్రళయం చదివి వినిపించాను. ఆవిడ కాసేపు ఆలోచించి అన్న మాట ఇది: "ఏరెప్పుడూ చెప్పకుండా రాదు బాబూ. ముందు నీళ్లు ఎర్రబడతాయి. తర్వాత నురుగు, దుంగలు కొట్టుకొస్తాయి. పైనుంచి కబురొస్తాది. అప్పుడు గొడ్లను గట్టెక్కిస్తాం. ఎక్కించకుండా కూర్చుంటే అది మన తప్పే. వెళ్తా వెళ్తా ఏరు ఒండ్రు వదిలిపోతాది, ఆ ఏడు పాదులు చూడాలి నువ్వు!"

మా డ్రాఫ్ట్‌లో లేనివన్నీ ఆ నాలుగు మాటల్లో ఉన్నాయి: ముందుగా తెలియడం, తెలిశాక చేయాల్సిన పని, పోయాక మిగిలేది. ఆ రాత్రే జలప్రళయం కార్డు తీసేశాం.

కబురు, హెచ్చరికలు, ఒండ్రు

మూడో డ్రాఫ్ట్‌లో నీటిమట్టం ఒక్కటే. ఇద్దరి మధ్యలో 0 నుంచి 10 వరకు గీతలున్న స్కేలు కార్డు పెట్టాం. ఏరు ఒకటే, ఒడ్లు రెండు.

మట్టం పెంచే ప్రతి కార్డుకూ 'కబురు' అనే కీవర్డ్ (ఒక రూల్ మొత్తానికి గుర్తుగా కార్డు మీద వేసే ఒక్క మాట) తగిలించాం. కబురు కార్డును దించిన వెంటనే ఏమీ జరగదు. అది ముఖం పైకి పెట్టి స్కేలు పక్కన ఉంటుంది, దించినవారి తర్వాతి టర్న్ మొదట్లో పనిచేస్తుంది. ఈ లోపు ఎదుటివారికి పూర్తిగా ఒక టర్న్ దొరుకుతుంది. సెట్ మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన కామన్ (తరచూ దొరికే కార్డు) 'భద్రాచలం కబురు', మట్టాన్ని 3 పెంచుతుంది. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారని, అక్కడి నీళ్లు మన దగ్గరికి రావడానికి వ్యవధి ఉంటుందని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాబట్టి కీవర్డ్‌ను ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు. పేరు చదవగానే అర్థమైంది.

హెచ్చరిక గీతలు మొదట 3, 6, 9 దగ్గర సమానంగా పెట్టాం. ఆటలో చప్పగా అనిపించాయి. అప్పుడు అసలు ధవళేశ్వరం అంకెలు చూశాం: 11.75 అడుగులు, 13.75 అడుగులు, 17.75 అడుగులు. మొదటి దానికీ రెండో దానికీ తేడా రెండడుగులు, రెండోదానికీ మూడోదానికీ నాలుగు. ఆ దూరాలనే స్కేలు మీదికి తెచ్చి గీతలను 4, 6, 10కి మార్చాం. ఆట ఒక్కసారిగా మారింది. మొదటి హెచ్చరిక పడ్డాక రెండోది తొందరగా మీదికి వస్తుంది. రెండోది దాటాక మాత్రం చాలాసేపు నలుగుతుంది. లంకలో ఇంకో టర్న్ ఉండాలా, ఇప్పుడే లేచిపోవాలా అన్న ఊగిసలాట అంతా ఆ నాలుగు గీతల మధ్యే జరుగుతుంది.

4 దగ్గర ఎవరికీ నష్టం లేదు. పడవ కార్డులు మేలుకుంటాయి. 6 దాటాక లంకలో ఉన్న ప్రతి పాత్రకూ టర్న్ మొదట్లో 1 సత్తువ కట్టాలి, కట్టకపోతే గట్టెక్కించాలి. 10 తగిలితే లంకలోని పాత్రలన్నీ మునుగుతాయి, స్కేలు మళ్లీ 0కి వస్తుంది. లంక నేల కార్డులు మాత్రం పోవు. మునిగిన ప్రతి లంక నేల మీదా ఒక ఒండ్రు బిళ్ల పెడతాం, ఇకపై ఆ నేల బిళ్లకు 1 చొప్పున ఎక్కువ సత్తువ ఇస్తుంది. ఒక నేలకు రెండు బిళ్లల వరకే. ఈ హద్దు పెట్టకముందు మూడుసార్లు వరద తెచ్చుకున్న డెక్‌ను ఎవరూ ఆపలేకపోయారు.

లంకలో దిగడానికి కారణం దొరికింది, లేచిపోవడానికీ కారణం దొరికింది. అందరూ గట్టు మీదే కూర్చునే జబ్బు దీనితో పోయింది.

ఆనకట్ట కార్డు

కాటన్ దొర ఆనకట్ట లేకుండా డెల్టా మీద సెట్ వేయలేం. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ఆ ఆనకట్ట వల్లే మన వరిచేలున్నాయి. దాని మీద గౌరవంతో మేం రాసిన మొదటి రూల్: ఈ కార్డు ఉన్నంతసేపు నీటిమట్టం పెరగదు. ఇది సెట్‌నే చంపేసింది. ఒకరు ఆనకట్ట దించగానే కబురు కార్డులన్నీ చిత్తు కాగితాలయ్యాయి.

తప్పు మా అవగాహనలో ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ నీళ్లను దాచుకునే జలాశయం కాదు, కాలువలకు మళ్లించే కట్టడం. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు. పెద్ద వరద వస్తే గేట్లెత్తి నీళ్లను సముద్రంలోకి వదలాల్సిందే. అందుకే కార్డు తిరగరాశాం: మట్టం 4 కన్నా తక్కువ ఉన్నప్పుడు మీ గట్టు మీది ప్రతి రెండు నేలలకూ 1 సత్తువ ఎక్కువ వస్తుంది, 4 తాకితే ఆ లాభం ఆగిపోతుంది. అంతే. వరదను ఆపదు, కరువును ఆపుతుంది. నిజానికి దగ్గరగా జరిగిన కొద్దీ ఆట బాగుపడడం ఈ పనిలో చాలాసార్లు చూశాం, కానీ ఇంత స్పష్టంగా ఇంకెక్కడా చూడలేదు.

వెనక్కి అన్న మాటతో వచ్చిన చిక్కు

తెలుగులో రూల్స్ రాయడం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఇంగ్లిష్ కార్డులు చదివి అలవాటైనవాళ్లం కాబట్టి మొదట్లో మా వాక్యాలన్నీ అరువు వాసన వేసేవి. వాటిని వదిలించుకున్నాక అసలు చిక్కులు కనిపించాయి.

ఒక కార్డులో ఇలా రాశాం: "మీ పాత్రను వెనక్కి తీసుకోండి." నా ఉద్దేశం, ముందు వరుస నుంచి వెనక వరుసకు జరపమని. రాజోలు నుంచి ఆడడానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు దాన్ని చేతిలోకి తీసుకున్నారు. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం అంటే చేతిలోకేగా అన్నారు. వాళ్లదే రైటు. ఆ మాటకు రెండర్థాలూ ఉన్నాయి, కార్డు మీద ఒక్కటే ఉండాలి.

అప్పుడు దొరికిన మాటే గట్టెక్కు. మామ్మగారు గొడ్ల గురించి వాడిన మాట అది. వెనక వరుస పేరు ఎలాగూ గట్టు. గట్టెక్కించండి అంటే వెనక వరుసకు జరపడం తప్ప మరొకటి కాదు. పైగా తెలుగువాళ్లకు గట్టెక్కడం అంటే గండం నుంచి బయటపడడం. ఆటలో జరిగేదీ సరిగ్గా అదే. సెట్‌కు పేరు కూడా దాన్నే పెట్టుకున్నాం. ఇక చేతిలోకి వచ్చే ప్రతిదానికీ 'చేతిలోకి తీసుకోండి' అని మాత్రమే రాస్తాం, వెనక్కి అన్న మాటను సెట్‌లో ఎక్కడా వాడలేదు.

ఇలాంటివే ఇంకొన్ని. చేయవచ్చు, చేయాలి అన్నవి వాక్యం చివర వస్తాయి కాబట్టి వేగంగా చదివేవాళ్లు చివరి మాట మింగేస్తారు. అందుకని తప్పనిసరి పనులను చిన్న వాక్యాలుగా విడగొట్టాం, ఇష్టమైతే చేసే పనుల ముందు 'కావాలంటే' అని చేర్చాం. కార్డు కొలత 63 మిల్లీమీటర్లు అడ్డం, 88 నిలువు. మన లిపికి కింద ఒత్తులు, పైన గుడులు ఉండడంతో వరుసకూ వరుసకూ ఎడం ఎక్కువ కావాలి. బొమ్మకు చోటు వదిలితే రూల్‌కు ఐదు వరుసలు మిగిలాయి. ఐదింటిలో పట్టని రూల్ ఉన్న కార్డును కుదించే ప్రయత్నం చేయకుండా, ఆ రూల్‌నే మార్చాం.

పులస

ఈ కార్డు కోసం చాలామంది అడిగారు, అడగకపోయినా వేసేవాళ్లం. సముద్రంలో ఉన్నంతకాలం ఈ చేప ఇలస. వరద రోజుల్లో నదిలోకి వచ్చి, ప్రవాహానికి ఎదురీది, గోదావరి నీళ్లు తాగితేనే పులస. పుస్తెలమ్మైనా పులస తినాలనే సామెత వినని ఇల్లు ఇక్కడ లేదు. అంటే ఈ కార్డుకు రెండు రూపాలు కావాలి.

రెండు రూపాల కార్డులు కొత్తేమీ కాదు. పేరున్న ఫాంటసీ కార్డ్ గేమ్ మ్యాజిక్: ద గ్యాదరింగ్‌లో 2004లో వచ్చిన ఛాంపియన్స్ ఆఫ్ కామిగావా సెట్ తలకిందులు చేస్తే మారే కార్డులను తెచ్చింది. 2011లో ఇన్నిస్ట్రాడ్ సెట్ రెండు వైపులా ముఖాలున్న కార్డులను తెచ్చింది. రెండు ముఖాలుంటే వెనక వైపు మిగతా కార్డుల్లా ఉండదు, డెక్‌లో గుర్తుపట్టేస్తారు, స్లీవ్ (కార్డుకు తొడిగే ప్లాస్టిక్ తొడుగు) వేయకుండా ఆడలేం. మేం తలకిందుల పద్ధతే ఎంచుకున్నాం. పై సగంలో ఇలస: ఖర్చు 1, బలం 1. మట్టం 4 తాకితే, కావాలంటే 2 సత్తువ కట్టి కార్డు తిప్పవచ్చు. అప్పుడు బలం 4. దీని కీవర్డ్ ఎదురీత: మట్టం 10 తాకినా పులస మునగదు. మిగతావన్నీ భయపడే వరద కోసం ఎదురుచూసే ఒకే ఒక్క కార్డు.

తుల్య, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వసిష్ఠ: ఏడు పాయలకు ఏడు రేర్లు వేశాం. అంతర్వేది నరసింహస్వామిని కార్డుగా వేయాలా అన్న చర్చ ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. బలం అంకె వేసి, ఇంకొకరి కార్డుతో పడగొట్టే పాత్రగా దేవుణ్ని చూపడం మాకు సమ్మతం కాదు. కనుమ నాడు జగ్గన్నతోటలో పదకొండు ప్రభలు (వెదురుతో కట్టి అలంకరించి, దేవుణ్ని ఉంచి భుజాల మీద మోసేవి) చేరే తీర్థాన్ని మాత్రం కార్డుగా తెచ్చాం. ప్రభకు బలమూ లేదు, ప్రాణమూ లేదు, ఏ కార్డూ దాన్ని కూల్చలేదు. మూడు పాత్రలు కలిసి మోస్తేనే కదులుతుంది, కదిలిన టర్న్‌లో మీ పాత్రలన్నీ గట్టెక్కుతాయి. కౌశిక కాలువలో నీళ్లకు అడ్డంపడి ప్రభను భుజాల మీద దాటించేవాళ్లను చూసినవారికి ఈ కార్డు వేరే చెప్పక్కర్లేదు.

పద్దెనిమిది కార్డులే, కానీ ఎక్కడ?

మా ప్రింటర్ వాడే 12×18 అంగుళాల షీట్ మీద, అంచుల కోత వదిలితే 18 కార్డులు పడతాయి. కాబట్టి సెట్ సైజు 18కి గుణిజం కావాలి. ఆరు షీట్లు, 108 కార్డులు: 54 కామన్లు, 36 అన్‌కామన్లు, 18 రేర్లు. ప్యాక్‌లో 12 కార్డులు: 8 కామన్, 3 అన్‌కామన్, 1 రేర్.

కబురు కార్డులు 18 ఉన్నాయి. మొదట వాటిని 2 కామన్లు, 6 అన్‌కామన్లు, 10 రేర్లుగా పంచాం. వరద గొప్ప విషయం కదా, రేర్‌గా ఉండాలనుకున్నాం. ప్యాక్‌లు తెరిచి, తలా ఒక కార్డు ఎంచుకుంటూ డెక్ కట్టుకుని ఆడే పద్ధతిని కూడా డ్రాఫ్ట్ అంటారు. అలా ఆడితే స్కేలు కదలనే లేదు. సెట్ డిజైన్ చేసేవాళ్లు యాజ్-ఫ్యాన్ అనే లెక్క ఒకటి వేస్తారు. ప్యాక్ తెరిచి కార్డులను విసనకర్రలా పరిస్తే, ఫలానా రకం కార్డులు సగటున ఎన్ని కనబడతాయన్నది. మా మొదటి పంపకంలో కామన్ల నుంచి 8×2/54, అన్‌కామన్ల నుంచి 3×6/36, రేర్ల నుంచి 10/18, కలిపి ప్యాక్‌కు సుమారు 1.35. నలుగురు తలా మూడు ప్యాక్‌లు తెరిస్తే బల్ల మీద మొత్తం 16 కబుర్లు.

అవే 18 కార్డులను 9 కామన్లు, 6 అన్‌కామన్లు, 3 రేర్లుగా మార్చితే ప్యాక్‌కు సరిగ్గా 2, బల్ల మీద 24. కొత్త కార్డు ఒక్కటి కూడా చేర్చలేదు. సెట్ దేని గురించో అది కామన్లలో కనబడకపోతే, ఆడేవాళ్లకు ఆ సెట్ దాని గురించి కాదు. టర్న్‌కొకసారి మట్టం దానంతటదే పెరగాలన్న ఆలోచన కూడా వచ్చింది కానీ వద్దనుకున్నాం. గడియారంలా నడిచే ఏటి ముందు ఆటగాడు ఎంచుకోవడానికి ఏమీ ఉండదు.

పేకాట అన్న అనుమానం

కార్డులంటే మా వైపు పెద్దవాళ్లకు పేకాటే. సంక్రాంతి నాలుగు రోజుల్లో పొలాలు, బంగారం పోగొట్టుకున్న ఇళ్లు అందరికీ తెలుసు. పిల్లలు డబ్బిచ్చి మూసిన ప్యాక్ కొని, లోపల రేర్ వస్తుందేమోనని చూస్తుంటే ఒక తండ్రి నన్ను నిలదీశారు: "దీనికీ లాటరీ టికెట్‌కీ తేడా ఏంటండీ?" నిజాయితీగా చెప్పాలంటే నా దగ్గర జవాబు లేదు. డ్రాఫ్ట్‌కు మూసిన ప్యాక్ కావాలి, అందులోనే మజా. కానీ ఒక్క రేర్ కోసం పదేసి ప్యాక్‌లు కొనే ఆశ పిల్లల్లో పెట్టడం తప్పు.

విడి ప్యాక్‌లు అమ్మడం మానేశాం. నలుగురికి సరిపడా 12 ప్యాక్‌ల పెట్టె ఒక్కటే అమ్ముతాం. పెట్టె అడుగున ఒక కవరు, అందులో 18 రేర్లూ ఒక్కోటి. రేర్ కోసం రెండో పెట్టె కొనాల్సిన అవసరం ఎవరికీ లేదు. దీనికి ఖర్చు ఎంత? తొమ్మిది పెట్టెలకు లెక్కేస్తే కామన్లకు 48 షీట్లు, అన్‌కామన్లకు 18, ప్యాక్‌లలోని రేర్లకు 6, కవర్లకు 9. మొత్తం 81 షీట్లు, ఒక్క కార్డూ వృథా కాదు. మొత్తం షీట్లలో కవర్లకు పోయేది తొమ్మిదో వంతు. ఆ తండ్రి తర్వాత పెట్టె కొనుక్కెళ్లారు.

వెనక వైపు నీలం

ప్రింటింగ్‌లో ఒక పెద్ద దెబ్బ తగిలింది. 1993 డిసెంబరులో వచ్చిన మ్యాజిక్ మొదటి విస్తరణ సెట్ అరేబియన్ నైట్స్‌కు వెనక వైపు వేరే డిజైన్ వేయాలనుకుని, చివరికి పాతదే ఉంచారు. రెండు సెట్లూ కలిపి ఒకే డెక్‌లో ఆడాలంటే వెనక వైపు ఒకేలా ఉండి తీరాలి. ఇది మాకు తెలుసు. డిజైన్ ఫైల్ కూడా పాతదే ఇచ్చాం. అయినా మొదటి సెట్ వేసినచోట కాకుండా ఇంకో ప్రెస్‌లో వేయించడంతో నీలం ఒక ఛాయ ముదురుగా వచ్చింది. పగటి వెలుగులో పక్కపక్కన పెడితే ఏది కొత్త కార్డో, ఏది పాతదో వెనక నుంచే తెలిసిపోయింది. పాత కార్డు ఒకటి చేతికిచ్చి, దానికి రంగు సరిపోయాకే మిగతావి వేయండని నిలబడి చెప్పి ఉండాల్సింది. ఆ పని చేయనిది నేనే.

మళ్లీ వేయించే డబ్బు లేదు. ప్రతి పెట్టెలో 160 నల్ల వెనకల స్లీవ్‌లు పెట్టాం, నలుగురి డెక్‌లకు సరిపడా. పెట్టె మీద మిగలాల్సిన లాభంలో ఎక్కువ భాగం వాటికే పోయింది. ఇప్పుడు మొదటి సెట్ కార్డు ఒకటి లామినేట్ చేసి, ప్రింటింగ్ చూసే ఆయన బ్యాగులో ఎప్పుడూ ఉంచుతున్నాం.

ఇంకా తేలనిది

పెట్టె పూర్తయ్యాక మామ్మగారికి చూపించాను. ఒండ్రు బిళ్లలు చేత్తో తిప్పి చూసి సంతోషించారు. తర్వాత అడిగారు: "మరి ఇసుక మేట వేస్తే?" అన్ని వరదలూ ఒండ్రే తేవు. కొన్నిసార్లు చేలో మోకాలెత్తు ఇసుక పోసి పోతాయి, ఆ నేల మళ్లీ సాగులోకి రావడానికి ఏళ్లు పడుతుంది. ఒక్కోసారి ఒడ్డు కోసుకుపోయి నేలే మిగలదు.

ఇప్పుడు దాని మీదే ఉన్నాం. మట్టం 10 తాకినప్పుడు డెక్ పై కార్డు తిప్పి, నేల వస్తే ఒండ్రు, పాత్ర వస్తే ఇసుక మేట అని ఒక రూల్ రాసి ఆడి చూశాం. ఆటగాడి చేతిలో ఏమీ లేని పాత జబ్బు మళ్లీ వచ్చింది. గట్టుకు గండి పడినచోట ఇసుక, పడనిచోట ఒండ్రు అని ఇంకోటి రాశాం. గండి పూడ్చడానికి ఇసుక బస్తా కార్డులు కావాలి, వాటికి ఎంత ఖర్చు పెట్టాలో ఇంకా కుదరలేదు. 2 పెడితే అందరూ పూడ్చేస్తున్నారు, 3 పెడితే ఎవరూ దించడం లేదు. వచ్చే ఆదివారం 2 సత్తువతో పాటు గట్టు మీది ఒక పాత్రను పక్కకు తిప్పాలన్న షరతు పెట్టి ఆడతాం.